నేరేడుచర్ల వాతావరణంలో సముద్రం పాలు, సాగర్ పాలు

నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచాలంటే సుమారు 4,180 జౌళ్ల శక్తి కావాలి. అంతే బరువున్న పొడిమట్టికి అందులో ఐదో వంతు చాలు. పైగా నేల మీద ఎండ పైపొరనే కాలుస్తుంది. సముద్రంలో అది లోతుకు దిగుతుంది, అలలు ఆ వేడిని ఇంకా కిందికి కలుపుతాయి. అందుకే మే నెలలో తీరాన ఉన్న మచిలీపట్నం పగటి ఉష్ణోగ్రత సగటున 37 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, సముద్రానికి దూరంగా ఉన్న నేరేడుచర్ల, మిర్యాలగూడ ప్రాంతంలో 42 దాటడం మామూలే.

నేరేడుచర్లకు దగ్గరి సముద్రతీరం బాపట్ల వైపు, సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యాహ్నం తీరం నుంచి లోపలికి వీచే సముద్రపు గాలి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతుంది. నడి వేసవిలో ఇక్కడ ఎక్కువగా వీచేది ఎండిన దక్కన్ నేల మీదుగా పడమర, వాయవ్య దిశల నుంచి వచ్చే వడగాలి.

నాగార్జునసాగర్ దగ్గరే ఉన్నా ఆ వేడి తగ్గదు. నిండినప్పుడు జలాశయం విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. వీచే గాలి దాన్ని ఇట్టే దాటేస్తుంది, చల్లబడే వ్యవధి ఉండదు. వేసవికి నీటిమట్టం పడిపోయి ఆ విస్తీర్ణమూ కుంచించుకుపోతుంది. కృష్ణకు అవతల పల్నాడులో ఉన్న రెంటచింతల సాగర్‌కు చేరువలోనే ఉన్నా, మండే ఎండలకే పేరుపడింది. పోలికకు, ఉత్తర అమెరికాలోని ఐదు మహా సరస్సుల విస్తీర్ణం కలిపి దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు. వాటి మీదుగా సాగే శీతకాలపు గాలి తేమను నింపుకొని బఫెలో నగరం మీద మంచు కురిపిస్తుంది. దూరంలోని ఊళ్ల వాతావరణాన్ని పెద్దగా మార్చాలంటే సరస్సు చాలా విశాలంగా ఉండాలి.

సాగర్ నీరు జలాశయంలో కన్నా మడుల్లోకి చేరాకే ఎక్కువ ప్రభావం చూపుతుంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట భూములు మాగాణి అయ్యాయి. వరి మడి నుంచి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, ఎకరానికి 20,000 లీటర్లు. అంత నీరు ఆవిరి కావడానికి ఖర్చయ్యే వేడి, విద్యుత్తు లెక్కలో 13,000 యూనిట్లకు పైమాటే. గాలిని వేడెక్కించాల్సిన ఆ శక్తి గుప్తోష్ణంగా ఆవిరిలో ఉండిపోతుంది. అయితే ఆ తేమ వల్ల ఒంటి మీద చెమట త్వరగా ఆరదు. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గినంత మాత్రాన కలుపు తీసే కూలీలకు వడదెబ్బ ముప్పు తప్పినట్టు కాదు; ఎండల హెచ్చరికల్లో ఉష్ణోగ్రతతో పాటు తేమనూ చెప్పి తీరాలి. యాసంగి కోతలు ముగిసి రోహిణి కార్తె వచ్చేనాటికి పొలాల్లో కొయ్యకాళ్లే మిగులుతాయి. చల్లదనం బాగా అవసరమైన రోజుల్లోనే అది దొరకదు.

వాన విషయంలో మాత్రం పెత్తనమంతా సముద్రానిదే. అందులోనూ ఈ ఆయకట్టు రెండు సముద్రాల మీద ఆధారపడింది. కాలువలో పారేది ప్రధానంగా అరేబియా సముద్రపు తేమ: నైరుతి గాలులు దాన్ని పడమటి కనుమల మీద కురిపిస్తే, కృష్ణ ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం మీదుగా సాగర్‌కు తెస్తుంది. పొలం మీద నేరుగా పడే పెద్ద వానలు ఎక్కువగా బంగాళాఖాతపు అల్పపీడనాలవి.

ఈ రెండు సముద్రాల వానలనూ ప్రభావితం చేసే శక్తి మరింత దూరాన, పసిఫిక్‌లోనూ ఉంది. అక్కడి సముద్ర జలాలు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో ఏర్పడిన 2023లో, 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అత్యంత పొడి ఆగస్టు దేశానికి ఎదురైంది. వర్షపాతం సగటు కన్నా 36 శాతం తగ్గింది. ఆ ఏడు సాగర్ నిండలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు 1 తెల్లవారుజామున బంగాళాఖాతపు వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దాని ప్రభావంతో కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు నీట మునిగాయి; నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది.

భూమి మీద పెరుగుతున్న అదనపు వేడిలో 90 శాతం దాకా సముద్రాలే మింగుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని నిలుపుకోగలదు. అందుకే కాలువ గట్లకూ చెరువు అలుగులకూ పాత వానల లెక్క ఇక చాలదు.