ఎనిమిదవ దినము

జ్వరము, దగ్గు రాని ఇల్లు ఏ ఊరిలోనూ ఉండదు. వానలో తడిసినందువలన వచ్చిందనుకొని మిరియాల కషాయము త్రాగి పడుకుంటాము. చాలాసార్లు అదే తగ్గిపోతుంది. తగ్గనప్పుడు మనము ఏమి గమనించాలి? చైనా దేశములోని వూహాన్ నగరములో కోవిడ్ ఉన్నట్లు మొదట నిర్ధారణ అయిన 41 మంది రోగుల సంగతి తెలుసుకుంటే ఇది బాగుగా బోధపడుతుంది.

వీరు 2020 జనవరి 2 నాటికి ఆసుపత్రిలో చేరినవారు. వీరి వివరాలను అక్కడి వైద్యులు ఆ నెలలోనే ప్రకటించారు. 27 మందికి హువానాన్ అనే చేపల బజారుతో సంబంధమున్నది. ముసలివారికి మాత్రమే వచ్చిన జబ్బు కాదిది; దాదాపు సగము మంది 50 ఏండ్లలోపువారే. మూడింట రెండు వంతుల మందికి అంతకుముందు షుగరు, రక్తపోటు వంటి జబ్బులు లేవు.

వీరిలో 40 మందికి జ్వరము, 31 మందికి దగ్గు, 18 మందికి నీరసము లేక ఒళ్లునొప్పులు ఉన్నాయి. కఫము పడినవారు 11 మందే. మామూలు జలుబులోవలె ముక్కు కారుట, తుమ్ములు, గొంతునొప్పి కొద్దిమందిలోనే కనిపించాయి.

అసలు ప్రమాదము తరువాత వచ్చింది. 22 మందికి ఆయాసము మొదలైంది. అది మొదటి దినమున కాదు, జబ్బుపడిన సుమారు ఎనిమిదవ దినమున! స్కాన్ తీయగా అందరి ఊపిరితిత్తులలోను నిమోనియా కనబడింది. 13 మందిని ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచవలసి వచ్చింది. ఆరుగురు మరణించారు.

ఈ లెక్క చూచి మనము భయపడనక్కరలేదు. వీరందరు ఆసుపత్రికి చేరేంతగా జబ్బుపడినవారు. స్వల్పముగా వచ్చి తగ్గినవారు, ఏ లక్షణమూ లేకనే ఇతరులకు అంటించినవారు కూడా ఉన్నారని తరువాత తెలిసింది. వాసన తెలియకపోవుట కూడా ఈ జబ్బు గుర్తేనని పిమ్మటనే గ్రహించారు.

అయితే ఒక పాఠము మాత్రము మనము మరువరాదు. మొదటి వారము గడిచింది గనుక గండము గడిచిందని అనుకోకూడదు. ఇంటిలో ఎవరికైనా జ్వరము వస్తే, ఆ తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకుందాము. దినములు లెక్కిస్తూ రోగి శ్వాసను గమనిద్దాము. నాలుగు మాటలు పలికేసరికి రొప్పుతున్నా, పెదవులు నీలముగా మారినా, తెల్లవారనీయమని ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లుదాము.