పెంపుడు బోవా ఉన్నట్టుండి చచ్చిపోతే?

బోవా అనగానే దక్షిణ అమెరికా అడవులే గుర్తొస్తాయి గానీ, దాని చుట్టం మన రాయలసీమ మెట్ట చేలల్లోనే ఉంది. రెండు తలల పాము అంటామే, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దోముహీ సాంప్ అంటారే, అదే. తోక మొద్దుగా తలలాగే కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. విషం లేదు. లక్షలు పలుకుతుందన్న పుకారు నమ్మి పట్టేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడమే కాదు, ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. నగరాల్లో కొందరు సరదాగా పెంచేది విదేశీ బోవాలను. ఇక్కడ చెప్పేది వాటి జబ్బు గురించి.

మొన్నటిదాకా ఎలుకను మింగిన పాము తెల్లారేసరికి చచ్చి పడుంటే ఎండదెబ్బ అనుకుంటారు. ఆ మాట కొట్టిపారేయలేం. పాముకు చెమట పట్టదు, నీడలోకి పాకి ఒంటిని చల్లబరుచుకుంటుంది. కడప ఎండల్లో మూసిన గాజు పెట్టెలో దానికి పోయే దారేది? కానీ ఎండాకాలం కాకపోయినా, ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే అంటురోగాన్ని అనుమానించాలి.

బోవాలకు బాగా చెడ్డది ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్, క్లుప్తంగా ఐబీడీ. 1970ల నుంచే డాక్టర్లకు తెలుసు. మైక్రోస్కోపులో చూస్తే కణాల లోపల ముద్దల్లాంటివి కనిపిస్తాయి, పేరు అలా వచ్చింది. దేనివల్ల వస్తుందో మాత్రం చాలాకాలం తేలలేదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు జబ్బు పాముల్లో అరీనా జాతి వైరస్‌లను కనిపెట్టాక చిక్కుముడి వీడింది.

దీంతో అసలు తంటా ఏమిటంటే, వైరస్ ఉన్న బోవా నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిక్షేపంగా తిరుగుతుంది. లోలోపల రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. తర్వాత న్యుమోనియానో నోటి పుండో వచ్చి ప్రాణం తీస్తే, మనకు అది ఉన్నట్టుండి పోయినట్టే అనిపిస్తుంది. కొన్నింటిలో ముందే గుర్తులుంటాయి: తిన్నది కక్కేయడం, చిక్కిపోవడం, తల ఆకాశంకేసి ఎత్తి అలాగే ఉండిపోవడం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం. కొండచిలువల్లో నరాల మీద దెబ్బ ఇంకా త్వరగా పడుతుంది. తల్లి బోవా నుంచి పిల్లలకూ వస్తుంది. పాముల ఒంటిమీది నల్ల పురుగులు, అంటే మైట్లు, దీన్ని మోస్తాయన్న అనుమానం గట్టిగా ఉంది. మందు లేదు, టీకా లేదు.

అందుకే కొత్త పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. దాని నీళ్ల గిన్నె, చిమటా మరో పాముకు వాడకూడదు. చూడ్డానికి బాగానే ఉంది కదా అని జబ్బు పాముతో ఉన్నదాన్ని ఇంకొకరికి అమ్మేయడం చాలా అన్యాయం, రోగం ఊళ్లు దాటేది అలాగే.

ఈ వైరస్ మనుషులకు సోకినట్టు ఆధారాల్లేవు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా మాత్రం పాముల నుంచి మనకు వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలను ముట్టనివ్వకండి, ముట్టుకున్న పెద్దలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పాము చనిపోతే వెంటనే పూడ్చిపెట్టొద్దు. కవర్లో చుట్టి ఐస్ పెట్టెలో పెట్టండి, గడ్డ కట్టనివ్వొద్దు. గడ్డ కడితే కణాలు పాడై పరీక్షకు పనికిరావు. మన దగ్గర్లో ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, పోస్టుమార్టం గురించి అక్కడ అడగండి. ఇంకో మాట. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం విదేశీ బోవా ఉన్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, అది చనిపోయిన సంగతి కూడా తెలపాలి.