రోమ్‌కు కూడుపెట్టిన రేవు

క్రీ.శ. 51. రోమ్ నగరం నడిబొడ్డున ఉన్న ఫోరమ్ కూడలిలో జనం పోగయ్యారు. అటుగా వచ్చిన వ్యక్తిని చుట్టుముట్టి నోటికొచ్చినట్టు తిట్టారు. చేతికందిన రొట్టెముక్కలు విసిరారు. సైనికులు అడ్డం పడి ఎలాగో తప్పిస్తే, ఆయన దొడ్డిదారిన భవనంలోకి వెళ్లి బతుకుజీవుడా అనుకున్నాడు. ఇంతకీ ఆ దెబ్బలు తిన్నదెవరో తెలుసా... సాక్షాత్తూ రోమన్ చక్రవర్తి క్లాడియస్!

బ్రిటన్ నుంచి ఈజిప్టు దాకా ఏలుతున్న ప్రభువుకి ఆ గతి పట్టడానికి కారణం ఒక్కటే. గోదాముల్లో గోధుమలు పదిహేను రోజులకి మించి లేవని ఊళ్లో తెలిసిపోయింది.

అప్పట్లో రోమ్ జనాభా దాదాపు పదిలక్షలని చరిత్రకారుల అంచనా. అంతమందికి చుట్టుపక్కల పొలాల్లో పండేది ఏ మూలకీ చాలదు. గోధుమలు ఉత్తర ఆఫ్రికా నుంచి, ఈజిప్టు నుంచి సముద్రం మీద రావాలి. పైగా క్రీ.పూ. 58 నుంచీ పౌరులకు ధాన్యం ఉచితం. మన రేషన్‌ లాంటిదే అనుకోండి. అగస్టస్ కాలంలో రెండు లక్షల మంది మగవాళ్లకి నెలకి తలా 33 కిలోల చొప్పున ఇచ్చేవారు. ఓడ ఆలస్యమైతే ఆ వరస ఆగిపోతుంది. ఆగితే ఏమవుతుందో క్లాడియస్‌కి రొట్టెముక్కల సాక్షిగా తెలిసింది.

ఇంజినీర్లు వద్దన్నా...

రోమ్ సముద్రం ఒడ్డున లేదు. టైబర్ నది కడలిలో కలిసేచోట, పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్టియా పట్నమే దానికి రేవు. అయితే నది తెచ్చే ఒండ్రుమట్టి వల్ల అక్కడ లోతు తక్కువ. పెద్ద ఓడలు ఆగలేవు. అందుకే అలెగ్జాండ్రియా నుంచి వచ్చే భారీ నౌకలు ఎక్కడో దక్షిణాన, నేపుల్స్ దగ్గరున్న పుటియోలీలో దిగేవి. బైబిల్లో పౌలు ఖైదీగా వచ్చి దిగిన పొతియొలీ అదే. ఆయన ఎక్కింది కూడా అలెగ్జాండ్రియా ఓడే.

ఆస్టియాకి కాస్త ఉత్తరంగా కొత్త నౌకాశ్రయం తవ్వాలని క్లాడియస్ 42లోనే పని మొదలుపెట్టాడు. ఖర్చు ఎంతవుతుందో వింటే మీరే మానేస్తారని ఇంజినీర్లు చెప్పారు. ఆయన వినలేదు. సముద్రంలోకి రెండు చేతులు చాచినట్టు గోడలు కట్టించాడు. అంతకుముందు ఈజిప్టు నుంచి పెద్ద రాతిస్తంభాన్ని మోసుకొచ్చిన బ్రహ్మాండమైన ఓడ ఒకటి ఉంటే, దాన్ని అక్కడే ముంచి, దానిమీదే దీపస్తంభం లేపారు. చలికాలంలో సరుకు తెచ్చే వర్తకులకు తుపాను నష్టం తానే భరిస్తానని హామీ ఇచ్చాడు. ఇప్పటి బీమా లాంటిదన్నమాట.

అంతచేసినా 62లో తుపానొచ్చి రేవులోపలే దాదాపు రెండువందల ఓడల్ని ముంచేసింది. నది మీదుగా ఎగువకి చేరిన మరో వంద పడవలు అగ్నికి ఆహుతయ్యాయి. అప్పుడు చక్రవర్తి నీరో. ఆయన ఏంచేశాడో చూడండి. ధర పెరగనివ్వలేదు. పాతబడి పాడైన గోధుమల్ని జనం చూస్తుండగా టైబర్‌లో పోయించాడు. పారబోసేంత నిల్వ ఉంది కాబోలని ఊరు నమ్మాలి కదా! నీరో గురించి చెడ్డమాటలే వింటుంటాం కానీ, ఆకలిని మించింది భయమని ఆయనకి బాగానే తెలిసినట్టుంది.

చివరికి ట్రాజన్ చక్రవర్తి రెండో శతాబ్దం మొదట్లో ఇంకా లోపలికి, ఆరు పలకల చెరువులాంటి రేవు తవ్వించాడు. ఒక్కో వైపు సుమారు 358 మీటర్లు. అప్పటికిగానీ ఓడలకి భద్రత దొరకలేదు.

బస్తా దింపితేనే బతుకు

అలెగ్జాండ్రియా నుంచి ఎదురుగాలిలో రావడానికి నెలా రెండు నెలలు పట్టేది. ఓడ ఆగగానే హమాలీలు బల్లమీదుగా బస్తాలు మోసేవాళ్లు. కొలతగాళ్లు కుంచాలతో కొలిచేవాళ్లు. నీళ్లలో పడిపోయిన సరుకు తీయడానికి గజ ఈతగాళ్లుండేవారు. వాళ్లకో సంఘం కూడా! ఆ తర్వాత సరుకుని చిన్న పడవల్లోకి మార్చి, ఒడ్డున తాడు పట్టుకుని లాక్కుంటూ రోమ్‌కి తీసుకెళ్లేవారు. గోదావరి కాలువల మీద పడవలు లాగడం చూసిన పెద్దవాళ్లకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

ఆస్టియాలో దొరికిన ఓ చిన్న గోడచిత్రంలో ఇదంతా కళ్లకు కడుతుంది. ఇసిస్ జెమినియానా అని పడవ పేరు. వెనక సరంగు ఫర్నాసిస్ నిలబడి ఉంటాడు. కూలీలు గోధుమలు తెచ్చి కొలపాత్రలో పోస్తున్నారు. ముందువైపు కూర్చున్న ఒకడి పక్కన ఒకేఒక్క మాట రాసి ఉంది. ‘అయిపోయింది’ అని!

ఏనుగు బొమ్మ ఆఫీసు

ఆస్టియా నాటకశాల వెనక ఓ చతురస్రపు ఆవరణ, చుట్టూ అరవై దాకా చిన్నచిన్న గదులు. ఇవి ఓడల యజమానుల, వర్తకుల కచేరీలని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక్కోదాని ముందు నేలమీద నలుపు తెలుపు రాళ్లతో బొమ్మలు. లిబియా తీరంలోని సబ్రతావాళ్ల ముంగిట ఏనుగు. ఇంకోచోట దీపస్తంభం, మరోచోట ధాన్యం కొలిచే మనిషి. కార్తేజ్, నార్బోన్... పేర్లన్నీ ఉన్నాయి. చదువురాని నావికుడు కూడా ఏనుగు బొమ్మ చూసి తన కచేరీ పోల్చుకోవచ్చు.

ఇక ఊరు. మూడు నాలుగంతస్తుల ఇటుక మేడలు, కింద దుకాణాలు, పైన అద్దెవాటాలు. పైవాళ్లు నీళ్లు మోసుకోవాల్సిందే. వీధిలో రాతి అరుగున్న పూటకూళ్ల కొట్టు, గోడమీద తినుబండారాల బొమ్మలు. గాడిదలు తిప్పే తిరగళ్లతో రొట్టెల బట్టీలు. ధాన్యపు గోదాముల్లో కింద గాలాడేలా నేలను ఎత్తు చేసేవారు. లేకపోతే గోధుమలు ముక్కిపోతాయి. మంటలార్పేందుకు ప్రత్యేక దళం ఉండేది.

అక్కడికి దగ్గర్లోని శ్మశానంలో ఓ సమాధి మీద మట్టిఫలకం ఉంది. కుర్చీలో కూర్చున్న గర్భిణి, వెనక పట్టుకున్న మరో మహిళ, ముందు కాన్పు చేస్తున్న మంత్రసాని. ఆమె పేరు స్క్రిబోనియా అట్టికా. సమాధి తను బతికుండగానే కట్టించుకుంది. మంత్రసాని సంపాదనతో ఈ వైభవం! రేవు పట్నంలో నలుగురూ బాగుపడ్డారని దీన్నిబట్టే తెలుస్తుంది.

పెంకుల కొండ

రోమ్‌లో టెస్టాచియో అనే కొండ ఉంది. ఎత్తు 35 మీటర్లు. తవ్వితే రాయి రాదు, మట్టికుండల పెంకులొస్తాయి. స్పెయిన్ నుంచి ఎక్కువగా ఆలివ్ నూనె వచ్చిన రెండు చేతుల కూజాలవి. జిడ్డు పట్టినవి మళ్లీ పనికిరావని పగలగొట్టి గుట్టగా పేర్చారు. అయిదు కోట్లకు పైగా కూజాలుంటాయని ఒక అంచనా. పెంకుల మీద వర్తకుడి పేరు, బరువు సిరాతో రాసిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇందులో మనవాళ్ల పాత్రా కొంచెం ఉంది. ఆ కాలపు గ్రీకు నావికుడి పుస్తకం ‘పెరిప్లస్’లో మసాలియా అనే ప్రాంతంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. అది మచిలీపట్నం ప్రాంతమని చరిత్రకారులు చెబుతారు. మన దేశపు బట్ట, మిరియాలు ఎర్రసముద్రం, నైలునది మీదుగా అలెగ్జాండ్రియా చేరి, అక్కణ్నుంచి ఓడలెక్కేవి. రోమ్‌లో మిరియాలకి ప్రత్యేకంగా గోదామే ఉండేది.

సామ్రాజ్యం చితికాక ఓడలు తగ్గాయి. ఒండ్రు పేరుకుంది. మలేరియా వచ్చింది. 1557 వరదకి టైబర్ దారే మార్చుకుంది. ఇప్పుడు ఆస్టియా నుంచి సముద్రం మూడు కిలోమీటర్ల దూరం. ట్రాజన్ తవ్వించిన ఆరు పలకల రేవు మాత్రం చెరువై మిగిలింది. పక్కనే రోమ్ అంతర్జాతీయ విమానాశ్రయం. దాన్ని కడుతున్నప్పుడు, 1950ల చివర్లో, క్లాడియస్ రేవు అడుగున కొన్ని పాతపడవలు బయటపడ్డాయి. అందులో ఒకటి జాలరిది. పట్టిన చేపలు బతికుండేలా మధ్యలో నీళ్లతొట్టి కట్టుకున్నాడు.