మధుమేహుల మానసిక సర్దుబాటు - కొలిచే విధానాలు

మధుమేహం అదుపులో ఉన్నదీ లేనిదీ తెలుసుకొనేందుకు వైద్యులు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తారు. గత రెండు, మూడు నెలల రక్తంలోని చక్కెర సగటును ఆ అంకె సూచిస్తుంది. ఆ నెలలను రోగి ఎంత ఆందోళనతో గడిపినదీ మాత్రం అందులో కానరాదు. ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. చక్కెర పెరిగి వచ్చిన వ్యక్తిని పథ్యం పాటించలేదని మందలించి పంపడం పరిపాటి. సూదిమందంటే భయమా, ఇంటిలో సహకారం లేకపోవడమా, జీవితాంతం మందులు మింగాలన్న విసుగా అని అడిగేవారు అరుదు.

ఈ బాధను అంకెలలోకి తెచ్చే ప్రయత్నాలు 1980వ దశకంలోనే జరిగాయి. ఆస్ట్రేలియాలో స్టూవర్ట్ డన్ బృందం 1986లో ఏటీటీ-39 ప్రశ్నావళిని ప్రచురించింది. దానిని కుదించి 1994లో ఏటీటీ-19 రూపొందించారు. వ్యాధిని రోగి ఎంతవరకు అంగీకరించినదీ 19 వాక్యాల ద్వారా ఇది తెలుపుతుంది. మార్కులు పెరిగితే సర్దుబాటు బాగున్నట్లు.

బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం పరిశోధకులు 1995లో వెలువరించిన 'పెయిడ్' కొలమానం ఇందుకు భిన్నమైనది. ఇందులో 20 ప్రశ్నలకు 0 నుండి 4 వరకు మార్కులుంటాయి. మొత్తాన్ని 1.25తో హెచ్చిస్తే నూటికి ఎంతన్నది వస్తుంది. 40, ఆపైన వస్తే తీవ్రమైన ఒత్తిడిగా పరిగణిస్తారు. ఇక్కడ మార్కులు పెరిగితే బాధ పెరిగినట్లు. రెండు కొలమానాల అంకెలను ఒకే పట్టికలో చేర్చే నివేదికలు తయారుచేసేవారు ఈ తేడాను విస్మరించరాదు. 2005లో వచ్చిన 17 ప్రశ్నల 'డీడీఎస్' కొలమానం, చికిత్స చేసే వైద్యునిపై రోగికి గల అసంతృప్తిని సైతం లెక్కిస్తుంది. ఆ పత్రాన్ని అదే వైద్యుని ఎదుట నింపిస్తే నిజమైన జవాబు రావడం కష్టం.

ఈ మార్కులను బట్టి "ఇంతమంది మధుమేహులకు డిప్రెషన్" అని వార్త రాయడం సరికాదు. వ్యాధి భారం వలన కలిగే ఒత్తిడి వేరు, మానసిక కుంగుబాటు వేరు. కుంగుబాటును నిర్ధారించవలసినది వైద్యుడే. 30 ఏళ్లు పైబడిన వారికి ఆశా కార్యకర్తలు నింపే సి.బి.ఎ.సి. పత్రంలో మనస్థితిపై రెండు ప్రశ్నలున్నాయి. అయితే అవి అందరికీ వర్తించే సాధారణ ప్రశ్నలే. చక్కెర వ్యాధి తెచ్చే విసుగు వాటికి అందదు.

ఇక అనువాదం విషయం. ఆంగ్ల ప్రశ్నను మాటకు మాట తెనిగిస్తే అర్థం మారిపోతుంది. తెలుగు ప్రతిని మరొకరిచేత తిరిగి ఆంగ్లంలోకి మార్పించి మూలంతో పోల్చిచూడాలి. చదువురాని వారికి ప్రశ్నలను సిబ్బంది చదివి వినిపించవచ్చు. ఆ సమయంలో కుటుంబ సభ్యులు పక్కన లేకుండా చూడాలి. కొన్ని ప్రశ్నలు వారిని గురించినవే.