నెలకొక్క సూది చాలదా? – జిగురుముద్దలో దాచే ప్రొటీన్ మందుల కథ



నేను ఇక్కడ తొమ్మిదో తరగతి చదివేనాటికి శంషాబాద్‌లో విమానాశ్రయం లేదు. విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. ఆ ఏడాది మా గదిలో కొత్తగా చేరిన మిత్రుడికి చిన్నప్పటినుంచే షుగరు. పొద్దున, రాత్రి తిండికి ముందు తన పొట్ట మీద తానే ఇన్సులిన్ సూది వేసుకునేవాడు. హాస్టల్లో ఫ్రిజ్ లేదు. వార్డెన్ సార్ ఒక కొత్త కుండ తెప్పించి, నీళ్లు పోసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో మందుసీసా పెట్టి అందులో ఉంచారు.

ఒక రాత్రి వాడు సూది వేసుకున్నాక కూర నచ్చక సగం అన్నం వదిలేశాడు. అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు, వణుకు. వంట చేసే అక్క పరుగున వచ్చి పంచదార నీళ్లు తాగిస్తే తేరుకున్నాడు. ఆ రాత్రి మాకెవరికీ నిద్రపట్టలేదు. 'నెలకొక్క సూదితో సరిపోయే మందు ఎందుకు చేయరు?' అనే ప్రశ్న నా మనసులో అప్పుడే పడింది. అదే నన్ను బీఫార్మసీ దాకా నడిపించింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర మందుల గోదాములో పనిచేస్తున్నాను. నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను.

ముందుగా, ఇన్సులిన్‌ను మాత్రగా ఎందుకు మింగకూడదు? అది 51 అమైనో ఆమ్లాలతో ఏర్పడిన చిన్న ప్రొటీన్. మనం తిన్న పప్పు ఎలా అరుగుతుందో, మింగితే అదీ అలాగే అరిగిపోతుంది. అందుకే సూది. పోనీ సూదితో ఎక్కించినా, రక్తంలో కలిసిన ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. పైగా ప్రొటీన్‌కు పని చేసే గుణం దాని మడతల ఆకారంలో ఉంటుంది. వేడి తగిలితే కోడిగుడ్డు తెల్లసొనలాగా ఆకారం చెడుతుంది. అందుకే మా గోదాములో ఇలాంటి మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచుతాం. గడ్డకట్టినా పాడే.

ప్రొటీన్ మందులతో మన ప్రాంతానికి దగ్గరి చుట్టరికం ఉంది. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈస్ట్ కణాలలో ప్రొటీన్‌ను తయారుచేసి హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదే. దాని కర్మాగారం మేడ్చల్ దగ్గర ఉంది. 2008 మార్చిలో మన శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ దారిన మందులు, టీకాలు దేశదేశాలకు వెళ్తున్నాయి. 2021 మే 1న రష్యా నుంచి స్పుత్నిక్ టీకా మొదటి విడత దిగింది కూడా ఇక్కడే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎండాకాలంలో సబ్జా గింజలు నీళ్లలో వేస్తే ఏమవుతుంది? ప్రతి గింజ చుట్టూ జిగురు పొర ఉబ్బుతుంది. నీటిని పట్టుకుంటుంది, కానీ నీటిలో కరిగిపోదు. హైడ్రోజెల్ అంటే సరిగ్గా ఇదే. నీటిని ఇష్టపడే పొడవాటి అణువుల గొలుసులు అక్కడక్కడా ముడిపడి చేపల వలలా ఏర్పడతాయి. ఆ వల కళ్లలో నీరు నిండుతుంది. 1960లో చెకోస్లొవేకియా శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్తెర్లె, లిమ్ ఇలాంటి పదార్థాన్ని వైద్యానికి పనికొచ్చేలా తయారుచేశారు. 1961లో విఖ్తెర్లె ఇంట్లోనే, కొడుకు ఆడుకునే ఇనుప ముక్కల సెట్టుతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి మెత్తని కాంటాక్ట్ లెన్సులు తీశాడు. మన దగ్గర ల్యాబ్ లేదని బాధపడే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇలాంటి వలలో ప్రొటీన్‌ను దాచితే మూడు రకాలుగా బయటకు రావచ్చు. వల కళ్లు ప్రొటీన్ కంటే పెద్దవైతే, జాతరలో జనం మధ్య నుంచి మనిషి వచ్చినట్లు నెమ్మదిగా జారుకుంటూ వస్తుంది. కళ్లు చిన్నవైతే, వల తెగుతూ కరిగేకొద్దీ వస్తుంది. మూడోది, చుట్టూ ఉన్న పరిస్థితి మారినప్పుడు జెల్ ఉబ్బి విడుస్తుంది. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ జెల్, కడుపులోని ఆమ్లంలో ముడుచుకుని, పేగుల్లోకి వెళ్లాక ఉబ్బుతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్‌ను బీట్‌రూట్ రసంతో కాచి చల్లార్చండి. గడ్డకట్టాక రెండు సమాన ముక్కలు కోయండి. ఒకటి అలాగే, రెండోది సన్నగా తరిగి, రెండు గ్లాసుల నీళ్లలో వేయండి. తరిగిన దాంట్లో రంగు త్వరగా దిగుతుంది. పైతలం ఎక్కువైతే విడుదల వేగం పెరుగుతుందన్నమాట.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన ముచ్చట కాదు. వయసుకు ముందే యుక్తవయసు లక్షణాలు వచ్చే పిల్లల కోసం 2007లో అమెరికాలో సుప్రెలిన్ ఎల్‌ఏ అనే మందుకు అనుమతి వచ్చింది. మూడున్నర సెంటీమీటర్ల సన్నని హైడ్రోజెల్ గొట్టాన్ని జబ్బ లోపలివైపు చర్మం కింద పెడతారు. ప్రొటీన్‌కు చిన్న తమ్ముడి లాంటిది, తొమ్మిది అమైనో ఆమ్లాలది, దాని నుంచి ఏడాదిపాటు రోజుకు సుమారు 65 మైక్రోగ్రాముల చొప్పున వస్తుంది.

మరి ఇన్సులిన్ సంగతి? ఆ మందు రోజూ ఒకే మోతాదులో వస్తే చాలు. ఇన్సులిన్ అవసరం అలా ఉండదు. అన్నం తింటే పెరుగుతుంది, ఆటలాడితే తగ్గుతుంది. ఒంట్లో పెట్టిన జెల్ ఆగకుండా మందు వదులుతుంటే, మా మిత్రుడు అన్నం వదిలేసిన రాత్రి ఏమయ్యేది? వదిలిన మందును వెనక్కి తీసుకోలేం. అందుకే రక్తంలో చక్కెర పెరిగినప్పుడే ఉబ్బి ఇన్సులిన్ వదిలే జెల్ కోసం శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. పెట్టిన మొదటి గంటల్లోనే మందు ఒక్కసారిగా రావడం, ఒంటి వేడికి వారాల తరబడి ప్రొటీన్ చెడకుండా ఉండడం వారి ముందున్న చిక్కుముడులు. అలాంటి ఇన్సులిన్ జెల్ ఇంకా మందుల షాపుకు రాలేదు. కాబట్టి ఎవరి మాటలో నమ్మి సూది మానకండి. అది ప్రాణానికే ముప్పు.

ఈ రోజుకు మన చేతిలో ఉన్నది చిన్న పనే. మీ గదిలో షుగరున్న తమ్ముడు చెమటలు పట్టి వణుకుతుంటే, తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. వాణ్ణి వేరుగా చూడకండి.

మా మిత్రుడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. సూది ఇంకా మానలేదు. వాడు ఎప్పుడు కలిసినా అడుగుతాడు: 'ఏరా, నీ జిగురుముద్ద ఎంతవరకొచ్చింది?' నా దగ్గర పూర్తి జవాబు లేదు. బైపీసీ తీసుకోబోయే తమ్ముళ్లలో ఒక్కరైనా వాడికి ఆ జవాబు తెస్తారని నా ఆశ.