జానీ గిటార్ వాట్సన్ బ్లూస్‌ను వదిలాడా?

1970ల మధ్యలో జానీ గిటార్ వాట్సన్ వెడల్పాటి టోపీ, మెరిసే సూటు వేసుకుని ఫంక్ పాటలతో జనాన్ని ఊపేశాడు. అప్పటినుంచి ఆయన మీద ఒక మాట పడింది: మంచి బ్లూస్ కళాకారుడు, డబ్బు కోసం దారి తప్పాడని. ఆయన రికార్డులను వరసగా వింటే ఈ మాట నిలవదు. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతివారి కష్టసుఖాలను కొద్ది స్వరాల్లో, నిండు గొంతుతో చెప్పుకునే పాట. ఫంక్‌లో రాగం కన్నా బేస్ గిటారు, డ్రమ్ముల లయే రాజు. 1935లో హ్యూస్టన్‌లో పుట్టి, పదిహేనేళ్లకే లాస్ ఏంజెలస్ చేరిన వాట్సన్‌కు ఈ రెంటి మధ్య గోడ ఎప్పుడూ లేదు.

అందుకు మొదటి సాక్ష్యం ఆయన వేళ్లు. తీగ మీటే చిన్న పలక, అంటే పిక్, లేకుండా వట్టి వేళ్లతో తీగను లాగి వదిలేవాడు. స్వరం చురుక్కున తగిలి, డ్రమ్ము దెబ్బలా వెంటనే తెగిపోయేది. 1954లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, ‘స్పేస్ గిటార్’ అనే వాద్యగీతంలో ప్రతిధ్వనిని ఉన్నట్టుండి పెంచి, ఉన్నట్టుండి ఆపి, గిటారుతో ఎవరూ ఊహించని ఆటలాడాడు. అది అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ 1956 నాటి ‘త్రీ అవర్స్ పాస్ట్ మిడ్‌నైట్’ విన్నాకే తనకు గిటారు పట్టాలనిపించిందని రాక్ సంగీత దిగ్గజం ఫ్రాంక్ జప్పా చెప్పుకున్నాడు. రెండో సాక్ష్యం ఇంకా గట్టిది. ‘గ్యాంగ్‌స్టర్ ఆఫ్ లవ్’ పాటను వాట్సన్ 1957లో, 1963లో, మళ్లీ 1978లో ఫంక్ లయలో రికార్డు చేశాడు. లయ మారింది గానీ, మాటను సాగదీసి, కవ్వించి, పాడుతున్నాడా మాట్లాడుతున్నాడా అనిపించే ఆ గొంతు మారలేదు.

ఫంక్ పాటల్లో గిటారు తగ్గిపోయిందని కొందరంటారు. పొడవైన సోలోలు తగ్గిన మాట నిజమే. అయితే గాయకుడు ఒక ముక్క పాడితే గిటారు బదులు చెప్పే బ్లూస్ పద్ధతి ఆ పాటల్లో అడుగడుగునా వినిపిస్తుంది. డబ్బు సంగతికొస్తే, ఆయన డబ్బు కోరుకున్నాడు. ఆ కోరికను దాచుకోలేదు. 1950ల బ్లూస్ రికార్డులు కూడా అమ్ముకోవడానికి చేసినవే కదా! పైగా ఆయనకు పేరు తెచ్చిన 1976, 1977 నాటి పాటల్లో ఉన్నది విలాసం కాదు: ఒళ్లు వంచి పనిచేసినా చాలని జీతం, ఆకాశాన్నంటే ధరలు. అమెరికా ద్రవ్యోల్బణంతో సతమతమవుతున్న ఆ రోజుల్లో శ్రామికుడి గోడును నాట్యానికి తగిన లయలో వినిపించడం బ్లూస్ కాక మరేమిటి? ఆ పాటలున్న ఆల్బమ్‌లలో డ్రమ్ములు, బాకాలు మినహా చాలా వాద్యాలు తానే వాయించాడు. సంత సరుకు తయారుచేయడానికి ఇంత శ్రమ అక్కర్లేదు. 1996 మే 17న జపాన్‌లోని యోకోహామాలో వేదిక మీద పాడుతూనే గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికే రెడ్‌మ్యాన్ వంటి ర్యాప్ కళాకారులు ఆయన ‘సూపర్‌మ్యాన్ లవర్’ను తమ పాటల్లోకి తెచ్చుకున్నారు. వారు ఎంచుకున్నది విమర్శకులు తప్పుదారి అన్న ఆ ఫంక్ కాలపు పాటనే.