కొండెక్కే ముందు సంతకం ఒక్కటే చాలదు

వేసవి వచ్చిందంటే మా ఓపీలో చార్‌ధామ్, అమర్‌నాథ్ మాటలు మొదలవుతాయి. "డాక్టరుగారూ, ఫిట్‌గా ఉన్నామని ఓ సంతకం పెట్టండి" అంటూ వస్తారు. రోజూ వాకింగ్ చేస్తామని, నాలుగు మైళ్లు నడిచినా ఆయాసం రాదని చెబుతారు. నిజమే కావచ్చు. కానీ ఎత్తయిన చోట వచ్చే జబ్బు మన సత్తువను చూసి ఆగదు. ఎంత ఎత్తుకు, ఎంత త్వరగా వెళ్లామన్నదే ముఖ్యం. పాతికేళ్ల కుర్రాడు వాంతులతో పడుకుంటే, పక్కనే అరవై ఏళ్ల పెద్దావిడ హాయిగా టీ తాగుతూ ఉండొచ్చు.

మన కొల్లేరు ప్రాంతం దాదాపు సముద్రమట్టానికే ఉంటుంది. నల్లజర్ల మెట్ట ప్రాంతమే అయినా ఈ లెక్కలో అదీ పల్లమే. కేదార్‌నాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు, లేహ్ దాదాపు 3,500 మీటర్లు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. అయితే గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో శ్వాసలో మనకు అందేది ఇక్కడి దానిలో సుమారు మూడింట రెండు వంతులే. శరీరం దీనికి అలవాటు పడగలదు, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ మన తెలుగు పిల్లలే. డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది, ఆ తర్వాత వారాల తరబడి పట్టే యాత్ర చేసి శిఖరం చేరారు. మనమేమో తాడేపల్లిగూడెంలో రైలెక్కిన నాలుగైదు రోజులకే కేదార్‌నాథ్‌లో ఉంటాం. హెలికాప్టరైతే ఫాటా నుంచి పది నిమిషాలే. మోకాళ్లకు సుఖమే గానీ ఊపిరితిత్తులకు, మెదడుకు సర్దుకునే వ్యవధి ఉండదు.

2,500 మీటర్లు దాటాక, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. దానికి వికారం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం తోడవుతాయి. మనవాళ్లు దీన్ని ప్రయాణ బడలిక అనో, పైత్యం చేసిందనో అనుకుని ఓ మాత్ర వేసుకుని ఎక్కేస్తారు. అదే వద్దు. ఎత్తులో వచ్చిన తలనొప్పిని, వేరే కారణం తేలేదాకా, ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోండి. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోండి. తగ్గకపోతే పైకి వెళ్లకండి.

మాట తడబడుతున్నా, మనిషి తికమకపడుతున్నా సరళరేఖలో నడిపించి చూడండి, మడమ ముందు మడమ వేయిస్తూ. తూలితే మెదడు వాస్తోందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నీలి పెదవులు, గులాబీ రంగు నురగ కళ్లె కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఇది తరచూ రెండో రాత్రి ముదురుతుంది. "చలికి జలుబు చేసిందిలే" అని దుప్పటి కప్పి వదిలేస్తే తెల్లారేసరికి ప్రాణం మీదికి రావొచ్చు. ఈ రెంటికీ అసలు మందు కిందికి దిగడమే, అర్ధరాత్రయినా సరే. ఆక్సిజన్ దొరికితే పెట్టి దింపండి, వీలైనంత వరకు మోసుకునో, గుర్రం మీదనో. ఒంటరిగా మాత్రం పంపకండి. గుడికి అరకిలోమీటరు దూరంలో వెనక్కి తిరగాలంటే మనసొప్పదు, తెలుసు. దర్శనం వచ్చే ఏడాదైనా అవుతుంది.

ముందు జాగ్రత్తగా ఎసిటజోలమైడ్ మాత్ర ఇస్తాం. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బున్నవారు తప్పనిసరిగా చెప్పాలి. ఎవరో వాడారని మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. నిద్రమాత్రలు, మద్యం అక్కడ ముట్టుకోవద్దు.

బీపీ, షుగర్ మాత్రలు ఎప్పుడూ మీ చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల మూట ఎక్కిన గుర్రం మీకంటే రెండు గంటలు ముందో వెనకో వస్తుంది. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఒక అంతస్తు మెట్లకే ఆయాసపడేవారు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారు, గర్భిణులు వెళ్లకపోవడమే మేలు. అమర్‌నాథ్‌కు 13 ఏళ్లలోపు, 70 ఏళ్లు దాటినవారిని అసలు నమోదు చేసుకోరు. సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు పాత జబ్బులు దాచేవారిని చూస్తుంటాను. దాస్తే నష్టం సంతకం పెట్టినవాడికి కాదు.

బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచి ఎక్కడం సాధన చేయండి. మన దగ్గర ద్వారకా తిరుమల, గుంటుపల్లి గుహల మెట్లున్నాయి. కాళ్లకు, గుండెకు మంచిదే, ఎత్తు మాత్రం అలవాటవదు. అందుకు దారిలో రాత్రి మజిలీలు కావాలి. 3,000 మీటర్లు దాటాక రోజూ పడుకునే చోటు అంతకుముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పైకి పోకూడదు. లేహ్‌కు విమానంలో వెళ్తే మొదటి రెండు రోజులు గదిలో, చుట్టుపక్కల నెమ్మదిగా గడపండి.

టూర్ డబ్బు కట్టేముందు ఆపరేటర్‌ను ఈ ఒక్కటీ అడగండి: దారిలో మాలో ఒకరికి బాగోకపోతే ఎవరు తోడుండి, దేనిలో కిందికి దింపుతారు? సూటిగా జవాబు రాకపోతే మరొకర్ని చూసుకోండి.